పలకరింపు తర్వాతి మాట

పోయిన వారం మనం లోయిస్‌ని భవానీపూర్‌లో ఒక పాత మేడ మెట్ల మీద, చేతిలో చేపల సంచీతో వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎదురుగా మోజెల్ ఆంటీ తలుపు. తలుపు బయట, ఎప్పుడూ ఎవరి చెప్పులూ ఉండని చోట, ఒక జత చెప్పులు. ఎడమకాలి పట్టీ తెగితే నీలం దారంతో కుట్టించినవి. ఆ కుట్టు వాట్‌గంజ్ మొత్తానికి తెలుసు. అవి అప్పమ్మ చెప్పులు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. లోయిస్ రేవు పక్కన తెలుగువాళ్ళుండే వాట్‌గంజ్ మనిషి. మొగుడు రాబిన్ రేవులో పనిచేస్తూ పోయాడు. కూతురు షెకైనా నర్సింగు చదువుతోంది. లోయిస్‌ది ఆయా పని. యాభై దాటిన ఒళ్ళు. ముసలివాళ్ళని లేవదీసి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి నడుం అరిగిపోయింది. ఈ ఇంట్లో ఆమె చూసుకునేది మోజెల్ ఆంటీని. యూదుల ముసలావిడ. ఒకప్పుడు ఈ ఊళ్ళో వాళ్ళకి బజార్లున్నాయి, బడులున్నాయి. ఇప్పుడు మిగిలినవాళ్ళు ఒక బస్సులో పట్టేస్తారు, సీట్లు కూడా మిగులుతాయి. ఆంటీకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. ఉన్నది ఒక్క అన్న, ఎజ్రా. ఎప్పుడో ఇజ్రాయెల్ వెళ్ళిపోయాడు. ప్రతి శుక్రవారం దీపాలవేళకి ఫోన్ చేసి "శబ్బాత్ షాలోమ్" అనేవాడు, విశ్రాంతి దినాన శాంతి కలగాలని. ఆమె కూడా అదే అనేది. ఆయన పెట్టేసేవాడు. అంతే. అన్నాచెల్లెళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నడిచిన సంభాషణ అదే.

ఆ ఎజ్రా పోయాడు. కబురు ఆయన కూతురు తమార్ లోయిస్‌కే చెప్పింది, ఆంటీ కునుకు తీస్తున్న మధ్యాహ్నం పూట. అత్త గుండె బాగుండదు కదా, సమయం చూసి నువ్వే మెల్లగా చెప్పమంది. లోయిస్ సరేనంది. చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా చెప్పలేదు. తమార్ మళ్ళీ అడిగినప్పుడు, చెప్పేశాననీ, ఆంటీ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేదనీ, నెల గడవనిమ్మందనీ ఒక అబద్ధం ఆడింది. ఒకటి ఆడితే రెండోది దానంతట అదే వస్తుంది.

ఈ తమారే లోయిస్‌కి ఇజ్రాయెల్‌లో ఒక పని కుదురుస్తోంది. మంచాన పడిన పెద్దాయన్ని చూసుకోవాలి. ఆ పని దొరికితే షెకైనా చదువు గట్టెక్కుతుంది, తన నడుముకి ఇంకో పదేళ్ళు మెట్లెక్కే బాధ తప్పుతుంది. పంపించే ఏజెన్సీవాళ్ళు రెండే అడిగారు. వచ్చే మనిషికి హీబ్రూలో నాలుగు పలకరింపులైనా రావాలి. ఇప్పుడు పనిచేస్తున్న ఇంటివాళ్ళు ఆమె గురించి తమ నోటితో ఒక మాట చెప్పాలి. నెల గడిచింది కాబట్టి ఇవాళ మధ్యాహ్నంలోగా తమార్ ఫోన్ చేస్తానంది. ఆ ఫోన్ వచ్చేలోగా ఆంటీకి సంగతి చెప్పేయాలని లోయిస్ తెల్లవారినప్పటి నుంచీ అనుకుంటోంది. టీ ఇచ్చాక చెబుదామనుకుంది. తలదువ్వాక చెబుదామనుకుంది. చివరికి చేపలు తెచ్చాక చెబుదామని జదుబాబు బజారుకి వెళ్ళింది.

ఆమె వెళ్ళిన ఆ కాసేపట్లో అప్పమ్మ వచ్చేసింది.

లోయిస్ లోపలికి అడుగుపెట్టేసరికి ఆ ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరికొకరు ఎదురుగా కూర్చుని ఉన్నారు. మధ్య బల్ల మీద ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, ఒక అత్తం అరటిపళ్ళు. చావింటికి తీసుకెళ్ళే సరంజామా. అప్పమ్మ ఆంటీ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుపు మొదలుపెట్టే ముందు తీసే దీర్ఘం తీస్తోంది. అప్పమ్మ ఏడుపంటే మాటలు కాదు. వాట్‌గంజ్‌లో ఏ తెలుగు గడపలో మనిషి పోయినా, ఆమె వచ్చి ఏడిస్తేనే పోయినట్టు లెక్క.

తప్పు అప్పమ్మది కాదు. బుధవారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో లోయిస్సే లేచి నిలబడి చెప్పుకుంది. మా ఆంటీ అన్నగారు పోయారు, ఆవిడకి ఇంకా తెలీదు, గుండె మనిషి, ఆవిడ కోసం ప్రార్థన చెయ్యండి అని. అందరూ చేశారు. వరసగా నాలుగు బుధవారాలు చేశారు. అంటే ఆ కబురు చెప్పవలసిన ఒక్క మనిషికి తప్ప, దాన్ని వాట్‌గంజ్‌లో అందరికీ చెప్పింది లోయిస్. అప్పమ్మ లెక్క అప్పమ్మది. నెల దాటిపోయింది, ఈపాటికి చెప్పే ఉంటారు, ఇంకా వెళ్ళి పలకరించకపోతే ఏమనుకుంటారు. మోకాళ్ళ నొప్పి వల్ల ఇన్నాళ్ళూ ఆగింది. ఇవాళ ఎవరినో పట్టుకుని బస్సెక్కి వచ్చేసింది.

ఆంటీ లోయిస్ వైపు తల తిప్పింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు కలిపి కొట్టిన ఒక భాష. ఇన్నేళ్ళలో అది వాళ్ళ ఇంటి భాష అయిపోయింది.

"మీవాళ్ళావిడ గుమ్మంలో షాలోమ్ అంది. చాలా సంతోషించాను. కూర్చోగానే ఏడుస్తోంది. ఈ రెంటిలో నాకోసం తెచ్చింది ఏది?" అంది ఆంటీ.

లోయిస్ సంచీ కింద పెట్టింది. నోరు దానంతట అదే అబద్ధం వెతుక్కుంది. ఆవిడ తమ్ముడు పోయాడు ఆంటీ, ఆ దుఃఖంలో వచ్చింది, అంది.

అప్పమ్మది రేవు హిందీ. మాట్లాడ్డం అంతంతమాత్రం గాని, వినడంలో తక్కువ కాదు. తీస్తున్న దీర్ఘం అక్కడే ఆపేసింది.

"ఏటే లోయిస్, నా తమ్ముడు పలాసలో సిలకలాగున్నాడు. ఆణ్ణెందుకే సంపుతావు?"

"అప్పమ్మత్తా, నువ్వు కాసేపు ఊరుకో."

"నానూరుకుంటాను. నువ్వు ఊరుకోడం ఎక్కువైపోనాదే తల్లీ. ఈవిడకి సెప్పనేదా ఇంకా?"

లోయిస్ వంగి చేపల సంచీ గోడవారకి జరిపింది. అప్పమ్మ పట్టుకున్న చేతిని మెల్లిగా, పసిబిడ్డని పక్కమీద పెట్టినట్టు, ఆంటీ ఒళ్ళో పెట్టేసింది. కొంగు నోటి మీంచి తీసి తలమీద వేసుకుంది.

"ఆవిడ ఏమంటోంది?" అని అడిగింది ఆంటీ. ఆమె చూపు అప్పమ్మ మీద లేదు. "ఆవిడ నోటితో కాదు. నీ నోటితో చెప్పు."

లోయిస్ నిలబడే ఉంది. అలిసిపోయింది. నెలరోజులుగా మోసుకొస్తున్న బరువు. చేతుల్లోంచి జారిపోతోందని తెలిసినా పట్టుకునే ఓపిక లేదు. జారనిచ్చింది.

"ఎజ్రా బాబు లేరు ఆంటీ. పోయారు."

మోజెల్ ఆంటీ గుండె ఆగలేదు. చెయ్యి ఛాతీ మీదికి కూడా వెళ్ళలేదు. బల్ల మీద అరటిపళ్ళకేసి కాసేపు చూసింది. తర్వాత, ఏ రోజున, అని అడిగింది. లోయిస్ చెప్పింది. ఆంటీ నాలుగు కాళ్ళ కర్ర ఊతం చేసుకుని లేచి, గోడకి వేలాడుతున్న వాళ్ళ కేలండర్ దగ్గరికి నడిచింది. అది ఎజ్రాయే ఏటేటా పంపేవాడు. ఆమె వేలు గడి మీంచి గడికి నడిచింది. ఒక పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పింది. చివరి గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"మొన్నటితో ముప్ఫై నిండాయి," అంది గోడతోనే.

అదేమిటో లోయిస్‌కి అర్థం కాలేదు. ఆంటీ చెప్పింది. వాళ్ళలో సొంత అన్న పోతే చెల్లెలు ఏడు రోజులు నేలబారున కూర్చోవాలి. వేసుకున్న బట్ట చింపుకోవాలి. వీధిలోకి వెళ్ళదు, వంట చెయ్యదు, నలుగురూ వచ్చి చుట్టూ కూర్చుంటారు. అది ఆమెకి దక్కే హక్కు. కాని చావు కబురు ముప్ఫై రోజులు దాటాక చెవిన పడితే ఏడు రోజులు లేవు. ఒక్క గంట. బట్ట చింపుకునేందుకు కూడా లేదు. గంట సేపు కూర్చుని లేచిపోవాలి.

"ఎనభై ఏళ్ళ అన్నకి గంటసేపు," అంది. "నువ్వు మూడు రోజుల కిందట చెప్పి ఉంటే ఏడు రోజులు ఉండేవి."

లోయిస్ అంటే గిట్టనివాళ్ళు కూడా ఆమెని దొంగ అనలేదు ఎప్పుడూ. ఎవరి ఇంట్లోనూ చెంచా పోలేదు. ఇప్పుడు తాను ఈ ఇంట్లోంచి ఏడు రోజులు ఎత్తుకుపోయిందని ఆమెకి తెలిసింది. తిరిగి ఇవ్వడానికి అవి ఎక్కడా లేవు.

ఆమె చేసింది ఆమెకి తెలిసిన మర్యాదే. ఆమె వైపువాళ్ళలో చావు కబురు మనిషికి నేరుగా ఎవరూ చెప్పరు. లోయిస్ తండ్రి పోయినప్పుడు ఊరినుంచి వచ్చిన ఫోను, నాన్నకి కొంచెం సీరియస్‌గా ఉంది, బయల్దేరి రమ్మంది. హౌరాలో బండెక్కింది. రాత్రంతా తండ్రికి బాగవ్వాలని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. పలాస స్టేషన్లో చిన్నాన్న కృపాకర్ ఎదురొచ్చి, ముందు రెండు ఇడ్లీలు తిను, తర్వాత వెళ్దాం అన్నాడు. ఆకలి లేదంటే వినలేదు. దగ్గర నిలబడి తినిపించాడు. రెండో ఇడ్లీ సగంలో ఉండగా ఆమెకి అర్థమైపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ ఇడ్లీయే చెప్పింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె చిన్నాన్నని తలుచుకుని, ఎంత దయగల మనిషి అనుకుంది. దయ అంటే అదేనని నేర్చుకుంది. కడుపు నిండాక చెప్పడం. లేదా చెప్పకుండానే తెలిసేటట్టు చెయ్యడం.

ఆ ఇడ్లీ ముక్కని తెచ్చి ఈ ఇంట్లో నెలరోజులు వడ్డించింది.

ఆంటీ వెదురు మోడా చూపించింది. బట్టలు మడతపెట్టేటప్పుడు లోయిస్ కూర్చునే పొట్టి మోడా అది. దాన్ని గోడ దగ్గరికి జరపమంది. కాళ్ళనుంచి చెప్పులు తానే వదిలేసింది. లోయిస్ రెండు చంకల కింద చేతులు వేసి, రోజూ స్నానానికి దించినట్టు, ఆమెని మోడా మీదికి దించింది. ఆ దించడంలో ఇద్దరి మొహాలూ దగ్గరికి వచ్చాయి. ఆంటీ మొహం పక్కకి తిప్పలేదు.

"ఈ గంటలో నన్నెవరూ పలకరించకూడదు," అంది. "నేర్చుకున్నావుగా ఇన్ని. ఇదీ నేర్చుకో. దుఃఖంలో ఉన్నవాళ్ళకి షాలోమ్ చెప్పరు. వాళ్ళూ చెప్పరు. వచ్చినవాళ్ళు వచ్చి కూర్చుంటారు. కూర్చున్న మనిషి నోరు తెరిస్తే అప్పుడు మాట్లాడతారు. తెరవకపోతే కూర్చుని లేచిపోతారు. ఆవిడకి చెప్పు."

లోయిస్ అప్పమ్మకి చెప్పింది. అప్పమ్మ విని, నమ్మలేనట్టు చూసింది. పలకరించకుండా పరామర్శ ఎక్కడైనా ఉంటుందా? మాట్లాడకపోతే మరి వచ్చిందెందుకు? అయినా బుర్ర ఊపింది. చెయ్యి పట్టుకుని లేవదీయమని సైగ చేసి, కుర్చీలోంచి దిగి, నొప్పి మోకాళ్ళ మీద చెయ్యేసుకుని నేలమీద చతికిలబడింది. ఏడవడానికి బస్సెక్కి వచ్చిన మనిషి ఏడవకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడ మెడ నరాల్లో కనపడింది. ఒకటి రెండుసార్లు ముక్కు ఎగబీల్చింది. ఆ తర్వాత పెదాలు కదిలాయి గాని చప్పుడు రాలేదు. ప్రార్థనే అయి ఉంటుంది.

లోయిస్ గడప దగ్గర కూర్చుంది. గోడ గడియారం నడుస్తోంది. కింద వీధిలో ట్యాక్సీ హారన్లు, చేపలమ్మే ఆవిడ కేక. సంచీలో తన చేపలు వాసన కొడతాయేమోనని ఒక్క క్షణం అనుకుని, ఆ ఆలోచనకి సిగ్గుపడింది.

ఏజెన్సీవాళ్ళు అడిగిన పలకరింపులు ఆమె ఈ గదిలోనే, ఆంటీ దగ్గరే నేర్చుకుంది. పుస్తకం లేదు, పలక లేదు. ఆంటీ పనికొక మాట కట్టి నేర్పింది. పొద్దున్నే కిటికీ తెర లాగుతూ "బోకెర్ తోవ్" అనాలి. శుభోదయం. దానికి జవాబుగా ఆంటీ మంచం మీంచి "బోకెర్ ఓర్" అనేది. అంటే, వెలుగున్న ఉదయం కావాలి అని. మందుబిళ్ళ చేతిలో పెడుతూ "మా శ్లోమేఖ్", ఎలా ఉన్నావు. మంచినీళ్ళ గ్లాసు తిరిగి ఇస్తూ ఆంటీ "తోదా" అనేది, ధన్యవాదం. దీపం వేస్తూ "ఎరెవ్ తోవ్". దోమతెర దించుతూ "లైలా తోవ్". పనితో పాటు మాట లోయిస్ చేతుల్లోకి వెళ్ళిపోయింది. అందుకే పని లేకుండా ఉత్తినే చెప్పమంటే ఆమెకి మాట రాదు. చెయ్యి గాలిలో తెర లాగితేనే "బోకెర్ తోవ్" నోట్లోకి వస్తుంది. షెకైనా ఇంట్లో నవ్వేది. ఏటమ్మా, ఆ ఏజెన్సీ వాళ్ళ ముందు కూడా అలాగే తెరలు లాగుతావా అని.

చాలాసేపటికి ఆంటీ నోరు తెరిచింది.

అన్న గురించి పెద్దగా ఏమీ చెప్పలేదు. చిన్నప్పుడు శనివారాలు ప్రార్థనకి నడిచి వెళ్ళాలి, ట్రామెక్కకూడదు. ఎజ్రా దారి పొడుగునా ఎక్కకూడని ట్రాములకి టాటా చెబుతూ నడిచేవాడు. పాపం వాటికి మనం రాలేదని బాధగా ఉంటుంది అనేవాడు. అది చెప్పి ఆమె కొంచెం నవ్వింది. ఆ నవ్వు తర్వాత కళ్ళు తుడుచుకుంది. అప్పమ్మకి భాష సగమే తెలిసినా, ఆ నవ్వు దగ్గర తానూ తల ఊపి, ఆ కన్నీళ్ళ దగ్గర తానూ కొంగు తీసింది. ఎవరూ ఆపలేదు.

తర్వాత ఆంటీ లోయిస్ వైపు తిరిగింది.

"మొదటి శుక్రవారమే నాకు తెలుసు," అంది.

లోయిస్ తలెత్తింది.

"ఫోన్ పాడయిందన్నావు. రెండో శుక్రవారం గొంతు ఆపరేషన్ అన్నావు. రెండు మాటలకి ఎంత గొంతు కావాలి లోయిస్? చచ్చేంత జ్వరంలో కూడా ఆ రెండు మాటలూ అన్నాడు వాడు."

"మరి అడగలేదేం ఆంటీ?"

"అది అడిగి తెచ్చుకునేది కాదు. అనుకోవడం వేరు, వినడం వేరు. ఒక మనిషి వచ్చి చెప్పాలి. అది చెవిన పడాలి. అప్పుడే నేను కూర్చోగలను. ఊహ మీద కూర్చుంటే బతికున్నవాడికి కూర్చున్నట్టు అవుతుందేమో." చూపు కిటికీ తెర వైపు తిప్పింది. "రోజూ పొద్దున నువ్వు తెర లాగి బోకెర్ తోవ్ అంటావు. నేను బోకెర్ ఓర్ అంటాను. అని, తర్వాతి మాట కోసం చూసేదాన్ని. ఇవాళ చెబుతుంది, ఇవాళ చెబుతుంది అని. నువ్వు టీలో చక్కెర ఎంత అనేదానివి."

లోయిస్ నేలకేసి చూసింది. ప్రతి పొద్దునా ఆ చూపు ఆమెకి గుర్తుంది. తెర లాగి తిరిగేసరికి ఆంటీ దిండు మీంచి తననే చూస్తూ ఉండేది. ఉచ్చారణ సరిగ్గా వచ్చిందో లేదో చూస్తోందనుకుంది. ఇంకా బాగా చెప్పాలనుకుని మర్నాడు ఇంకా గట్టిగా చెప్పేది.

ఆంటీ అడగాల్సింది ఇంకా మిగిలి ఉంది. కంఠం పెంచలేదు. కబురు చెప్పమని తమార్ నీకు చెప్పిందా, అంది. చెప్పింది, అంది లోయిస్. చెప్పావా అని మళ్ళీ అడిగిందా? అడిగింది. నువ్వేమన్నావు?

చెప్పానన్నాను, మీరు నెలపాటు ఎవరితోనూ మాట్లాడనన్నారని అన్నాను, అంది లోయిస్.

ఆంటీ కళ్ళు మూసుకుంది. కేలండర్ దగ్గర కూడా మూసుకోని కళ్ళు ఇప్పుడు మూసుకుంది.

"అయితే తండ్రి పోయిన పిల్ల అక్కడ ఫోన్ పట్టుకుని కూర్చుంది. అన్న పోయిన ముసల్ది ఇక్కడ ఫోన్ పట్టుకుని కూర్చుంది. మధ్యలో నువ్వు కూర్చున్నావు."

అప్పమ్మకి ఆ మాటలు అర్థమయ్యాయి. ఆవిడ లోయిస్‌కేసి చూసిన చూపులో తిట్టు లేదు. ఏదో బరువు ఎత్తబోయి నడుం పట్టేసిన మనిషిని చూసినట్టు చూసింది.

"అందుకోసమా?" అని అడిగింది ఆంటీ. ఏది అందుకోసమో చెప్పనక్కర్లేకపోయింది. "నా గుండె కోసం దాచావా, నీ ఉద్యోగం కోసం దాచావా?"

మీ గుండె కోసమే అని లోయిస్ చెప్పినా ఆంటీ నమ్మేసేదేమో. నెలనాళ్ళ కిందటైతే లోయిస్ కూడా నమ్మేది. ఆ మొదటి మధ్యాహ్నం ఫోన్ పెట్టేసి, మంచం పక్కన నిలబడి, నిద్రలో ఎగసిపడుతున్న ఆ సన్నటి ఛాతీని చూస్తూ ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలుసు. అప్పుడు ఉద్యోగం మాట ఆమె తలలోనే లేదు. వారం తర్వాత తమార్ ఆ పని గురించి చెప్పింది. చెబుతూ, మా అత్తని చూసినట్టే ఆయన్నీ చూడు, నీ మీద నాకు నమ్మకం అంది. ఆ నమ్మకం అన్న మాట తర్వాత నిజం చెప్పడానికి నోరు రాలేదు. దయగా మొదలైంది ఏ రోజున భయంగా మారిందో లోయిస్‌కి సరిగ్గా తెలీదు. పాలు ఏ గడియలో తోడుకున్నాయో ఎవరికి తెలుస్తుంది?

"మొదట మీ గుండె కోసమే ఆంటీ," అంది.

"తర్వాత?"

"తర్వాత నాకోసం."

ఆంటీ తల ఊపింది. ఒప్పుకున్నట్టా, క్షమించినట్టా, విన్నానని చెప్పినట్టా తెలీలేదు. చెయ్యి చాపి మోకాలి మీద చీమని విదిలించింది. గడియారం కేసి చూసింది. గంట ఇంకా పూర్తికాలేదు. కొద్దిగా మిగిలి ఉంది.

ఆ కొద్దిలోనే బల్ల మీద ఫోన్ మోగింది.

అరటిపళ్ళ పక్కన, వెల్లకిలా, వెలుగుతూ మోగింది. తమార్ మొహం ఉన్న చిన్న బొమ్మ. వీడియో. అప్పమ్మ ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది, ఎవరో గదిలోకి వచ్చినట్టు. లోయిస్ లేచి ఫోన్ తీసి, అలవాటు కొద్దీ ఆంటీ చేతికి ఇవ్వబోయింది. ఎజ్రా ఫోన్ వచ్చే శుక్రవారాల్లో అంతే చేసేది. ఆంటీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"ఈ గంటలో నేను ఎవరినీ పలకరించను. చెప్పానుగా," అంది. "నువ్వు తియ్యి. నువ్వే పలకరించు. నేర్చుకున్నావుగా."

"తర్వాత ఆంటీ?"

"తర్వాత నేను ఇన్నాళ్ళూ దేనికోసం చూశానో అది చెప్పు. నీ గురించి నా నోటితో మంచి మాట కావాలన్నారు కదా వాళ్ళు. నువ్వు ముందు నీ మాట చెప్పు. నేను విని, నాది చెబుతాను."

ఫోన్ మోగుతూనే ఉంది. లోయిస్ బొటనవేలితో నొక్కింది.

తమార్ మొహం తెర నిండా వచ్చింది. కళ్ళ కింద నలుపు, జుట్టు వెనక్కి కట్టేసుకుంది. వెనక ఒక ఆఫీసు గోడ. తమార్ పక్కన కళ్ళద్దాల ఆడమనిషి ఒకామె, చేతిలో పెన్ను. ఏజెన్సీ నుంచి వచ్చానంటూ చెయ్యి ఊపింది. వాళ్ళే వింటామన్నారు, సంతోషమే కదా, అంది తమార్ ఇంగ్లీషులో. తర్వాత, ఆ పక్కనామె కోసమే అన్నట్టు, నెమ్మదిగా, స్పష్టంగా, పరీక్ష పెట్టే టీచరమ్మలా పలకరించింది.

"షాలోమ్ లోయిస్. బోకెర్ తోవ్. మా శ్లోమేఖ్?"

లోయిస్ కుడి చెయ్యి తనకి తెలీకుండానే లేచింది. గాలిలో, లేని తెరని పట్టుకుని, పక్కకి లాగింది. వెనక అప్పమ్మ ఇదేమిటన్నట్టు చూసింది.

"బోకెర్ ఓర్," అంది లోయిస్. మాట ఎక్కడా తడబడలేదు.

కళ్ళద్దాలామె నవ్వి ఏదో రాసుకుంది. తమార్ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె తెరలోంచి ముందుకి వంగి, లోయిస్ భుజం మీంచి గదిలోకి తొంగి చూసింది. మా అత్త ఎలా ఉంది, ఇవాళైనా నాతో మాట్లాడుతుందా, నామీద కోపమా, అని అడిగింది. అడుగుతుంటే గొంతు చిన్నపిల్లదైపోయింది.

లోయిస్ వెనక్కి తిరిగి చూసింది. గోడ దగ్గర, పొట్టి మోడా మీద, చెప్పుల్లేని కాళ్ళతో మోజెల్ ఆంటీ కూర్చుని ఉంది. ఆమె చూపు ఫోన్ మీద లేదు. లోయిస్ పెదాల మీద ఉంది. ప్రతి పొద్దునా తెర లాగాక దిండు మీంచి చూసిన చూపు అదే.

పలకరింపు అయిపోయింది. చక్కెర ఎంత అని అడగడానికి చేతిలో కప్పు కూడా లేదు.

లోయిస్ నోరు తెరిచింది.